23 కిలోల బ్యాగుల్లో తొమ్మిది మంది ఎగ్జిబిషన్ పట్టించడం ఎట్లా?

తమ్ముడూ, లెక్కలన్నీ మీరు రాసిన వివరాల మీదే నడుస్తాయి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్తాను. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, గద్వాల నుంచి మీరు తొమ్మిది మంది ఆర్టిస్టులు. లండన్‌లో ఉన్న మనవాళ్లు అక్టోబర్‌లో, బతుకమ్మ రోజుల్లో, ఒక కమ్యూనిటీ హాలు మూడు రోజులు ఉచితంగా ఇప్పిస్తామన్నారు. కార్గోకు డబ్బుల్లేవు. వెళ్లేది ముగ్గురే. మనిషికి 23 కిలోల బ్యాగులు రెండు, చేతిలో 7 కిలోలు. మీ దగ్గర ఉన్నవేమో అయిదడుగుల కాన్వాసులు, టెర్రకోట బొమ్మలు, ఒక చేనేత మిత్రుడి తేలియా రుమాళ్లు, అంటే నూనె పట్టించిన నూలుతో నేసే రుమాళ్లు. "వీటిని ఎట్లా ప్యాక్ చేయాలి?" అని అడిగారు.

ఉన్నవాటిని ప్యాక్ చేయకండి. బ్యాగు కొలతలు ముందు కాగితం మీద రాసి అందరి గోడకూ అంటించుకోండి. ఆ కొలతలకు తగ్గట్టు కొత్త పని చేయండి. మీకింకా నెలల టైముంది.

ఎందుకంటే, ఉన్నవాటిలో నుంచి ఏరడం మొదలుపెడితే బ్యాగులో పట్టేవి ఏవో తెలుసా? స్టూడియోలో ఓ మూల పడేసిన చిన్న స్టడీలు, ఎప్పుడో క్యాంపులో వేసిన వాటర్ కలర్లు, ఎవరూ కొనని మినియేచర్లు. తొమ్మిది మందీ తమ మంచి పనిని ఇంట్లో వదిలి, పట్టే పనిని తీసుకెళ్తారు. అక్కడ చూసేవాళ్లకు తొమ్మిది మంది మిగుళ్లు కనిపిస్తాయి. గ్రూప్ షోలకు మామూలుగానే ఉండే జబ్బు ఇది, ఎవరి పాట వాళ్లదే. విమానం దాన్ని ఇంకా పెంచుతుంది. అదే, అందరూ ఒకే కొలత మీద కూర్చొని పనిచేస్తే, విషయం వేర్వేరు అయినా గోడ మీద ఒక మాట మీద నిలబడినట్టు ఉంటుంది. పరిమితి ఎట్లాగూ తప్పదు. చివరి రోజు ప్యాకింగ్ అప్పుడు అది మీ మీద పడే బదులు, మొదటి రోజే మీరు దాన్ని వాడుకోండి.

అయిదడుగుల కాన్వాసుల సంగతి ముందు తేల్చేద్దాం, లేకపోతే మీ గ్రూపులో చర్చ దాని చుట్టే తిరుగుతుంది. 5 అడుగులు, 4 అడుగుల చట్రం కట్టిన కాన్వాసుకు డబ్బా చేయిస్తే బయటి కొలత దాదాపు 165, 135, 20 సెంటీమీటర్లు అవుతుంది. ఎయిర్ కార్గోలో అసలు తూకం, సైజు తూకం రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. సైజు తూకం అంటే మూడు కొలతలు గుణించి 6000తో భాగించడం. ఇక్కడ 74 కిలోలు వస్తుంది. లోపల కాన్వాసు, చట్రం కలిపి అయిదారు కిలోలు ఉండదు. కొరియర్ వాళ్లు చాలామంది 5000తో భాగిస్తారు, అప్పుడు 89 అవుతుంది. మీరు డబ్బు కట్టేది గాలికి. పైగా చెక్క డబ్బా అయితే, పురుగు పోయేలా వేడిచేసిన చెక్క అని అంతర్జాతీయ ముద్ర ఉండాలి. చెక్క నడిబొడ్డు 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండాలన్నది నియమం. మీ ఊరి కార్పెంటర్ వేపచెక్కతో కొట్టిచ్చిన పెట్టెకు ఆ ముద్ర రాదు. ప్లైవుడ్‌కు ఆ బాధ లేదు, కానీ 74 కిలోల లెక్క మాత్రం మారదు. వదిలేయండి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న జాగా. చాలా ఎయిర్‌లైన్స్‌లో చెకిన్ బ్యాగు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు మించకూడదు. చేతి బ్యాగు మామూలుగా 55, 35, 25. టికెట్ మీద ఏముందో మీరే చూసుకోండి, ఎయిర్‌లైన్‌కో తీరు ఉంటుంది. మధ్యలో విమానం మారితే రెండు టికెట్ల నియమాలూ చూడాలి, తక్కువ ఉన్నదే లెక్క. 158 కొలత సూట్‌కేసులో లోపల చదునుగా సుమారు 70, 46 సెంటీమీటర్ల జాగా వస్తుంది. అంటే మనం రోజూ వాడే హాఫ్ ఇంపీరియల్ కాగితం, 15, 22 అంగుళాలది, చుట్టూ అట్ట పెట్టినా హాయిగా కూర్చుంటుంది. ఏ2 కూడా పడుతుంది. చేతి బ్యాగులో ఏ3 పడుతుంది. నన్నడిగితే మొత్తం షోకు హాఫ్ ఇంపీరియల్‌నే కొలతగా పెట్టుకోండి. ఎవరికి కాగితం కావాలంటే కాగితం, ఎవరికి పలుచటి బోర్డు కావాలంటే బోర్డు, ఎవరికి గుడ్డ కావాలంటే గుడ్డ. కొలత మాత్రం ఒక్కటే.

"నేను పెద్దగా తప్ప వేయలేను" అనేవాళ్లు ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు. వాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి, ముక్కల్లో పెద్దది చేయడం. 40, 60 సెంటీమీటర్ల పలుచటి ప్యానెళ్లు తొమ్మిది, మూడు వరుసల్లో మూడేసి పెడితే 120, 180 అవుతుంది. అంటే ఆరడుగుల ఎత్తు బొమ్మ. సూట్‌కేసు అడుగున పేకముక్కల్లా పేర్చుకొని పోవచ్చు. కాకపోతే పెద్ద బొమ్మ వేసి ముక్కలు కోసినట్టు ఉండొద్దు. ముక్కల మధ్య ఉన్న గీతలు కూడా కంపోజిషన్‌లో భాగం కావాలి. అది ఆలోచించి వేసేవాళ్లకే ఈ దారి.

రెండోది చుట్ట. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన తెలంగాణలో ఇది పాత విద్యే. చేర్యాల నకాషీ పటాలు చూడండి. వెడల్పు సుమారు మూడడుగులు, పొడవు మాత్రం నలభై అడుగుల దాకా పోయేది. కథ చెప్పేవాళ్లు దాన్ని చుట్టి భుజాన వేసుకొని ఊరూరా తిరిగేవాళ్లు. మోసుకెళ్లగలిగేంత వెడల్పు, కథ అడిగినంత పొడవు. విమానం పెట్టే షరతు కూడా దాదాపు ఇదే. పైపుల దుకాణంలో 160 మిల్లీమీటర్ల డ్రైనేజీ పీవీసీ పైపు 120 సెంటీమీటర్లు కోయించి రెండు వైపులా క్యాపులు పెడితే, మూడు కొలతలు కలిపి 156 దగ్గర ఆగుతుంది. దాని లోపలికి 110 మిల్లీమీటర్ల పైపు కొంచెం పొట్టిగా కోసి, కాన్వాసును దాని చుట్టూ చుట్టి లోపలికి తోయాలి. వెడల్పు మూడున్నర అడుగులు దాటొద్దు. పొడవు అయిదారు మీటర్ల దాకా పోవచ్చు. నాలుగడుగుల వెడల్పు కాన్వాసు ఇందులో పట్టదు, కాబట్టి మీ పాత అయిదు నాలుగులకు ఈ దారి కూడా లేదు. బోరు కేసింగ్ పైపు ఇంటి దగ్గర ఊరికే పడి ఉంది కదా అని వాడకండి, దాని గోడ మందం. బొమ్మ కంటే పైపుకే తూకం పోతుంది. క్యాపులను జిగురుతో అంటించొద్దు, టేపు వేయండి. సెక్యూరిటీవాళ్లు తెరవాలంటే తెరవగలగాలి, లేకపోతే కోస్తారు. ఇట్లాంటి పొడుగు వాటిని బెల్టు మీద కాకుండా ఓవర్‌సైజ్ కౌంటర్‌లో తీసుకుంటారు, దానికి ఒక అరగంట ముందే పోవాలి. ఆరు బ్యాగుల్లో ఇది ఒక బ్యాగు కింద లెక్క.

చుట్టేటప్పుడు రంగు పక్క బయటికి ఉండాలి. చాలామంది రంగు దెబ్బ తింటుందని లోపలికి చుడతారు. లోపలికి చుడితే రంగు పొర నొక్కుకుపోయి ముడతలు పడి పెచ్చు లేస్తుంది. బయటికి చుడితే కాస్త సాగుతుంది, విప్పాక మళ్లీ సర్దుకుంటుంది. మందంగా నైఫ్‌తో వేసిన రంగును అసలు చుట్టకండి. ఆయిల్ అయితే ముట్టుకుంటే ఆరినట్టు ఉండటం వేరు, లోపల ఆరడం వేరు. పలుచగా వేసి, ఎండాకాలం దాటకముందే ముగించాలి. అంత ఓపిక లేకపోతే యాక్రిలిక్‌కు మారండి. యాక్రిలిక్‌కు దాని టెన్షన్ దానికుంది. వేడికి మెత్తబడి పక్కదానికి అంటుకుంటుంది, చలికి పెళుసు అవుతుంది. మన వైపు కారు డిక్కీలో ఎంత వేడి ఉంటుందో చెప్పక్కర్లేదు. నార్కట్‌పల్లిలో టిఫిన్‌కు ఆగి కారును ఎండలో పెట్టారంటే, బబుల్ షీటు గుండ్రాలన్నీ బొమ్మ మీద అచ్చు పడతాయి. యాక్రిలిక్ మీద నేరుగా బబుల్ షీటు ఎప్పుడూ వేయొద్దు. బటర్ పేపర్ కూడా నమ్మకం కాదు. కేకులు కాల్చేవాళ్లు వాడే సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపర్ రోల్ కొనండి, అది అంటుకోదు.

ఇక తూకం. 138 కిలోలు ఉన్నాయని మీరు రాశారు. అవి లేవు. ఖాళీ సూట్‌కేసు ఒక్కొక్కటి నాలుగు కిలోలు, పైపు అయిదారు, కలిపి పాతిక పోయింది. ముగ్గురి బట్టలు, స్వెటర్లు తలా పది కిలోలు. సుత్తి, కట్టర్, టేపులు, క్లిప్పులు, లేబుళ్లు ఒక ఎనిమిది. మిగిలేది 75. తొమ్మిది మందికి పంచితే తలా ఎనిమిది కిలోలు. ఈ ఎనిమిది కిలోలకు అసలు శత్రువు లండన్‌లో ఉన్న చుట్టాలకు పంపే పచ్చళ్లు, సకినాలు. ఆ ముగ్గురి ఇళ్లల్లో ముందే చెప్పండి. నూనె కారితే కాగితం మీద మరక పోదు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి అయితే అక్కడికి తీసుకుపోనివ్వరు కూడా, పాలవీ మాంసానివీ బ్రిటన్‌లో అడ్డుకుంటారు.

తూకం పంచేటప్పుడు "ఒక్కొక్కరికి మూడు బొమ్మలు" అనే పాత పద్ధతి పనిచేయదు. నేను వాడే కొలత ఇది: ఒక కిలోకు ఎన్ని అడుగుల గోడ నిండుతుంది? రెండడుగుల బొమ్మకు 4 మిల్లీమీటర్ల గాజు వేసి ఫ్రేమ్ కడితే గాజే దాదాపు నాలుగు కిలోలు, మొత్తం ఆరు దాకా పోతుంది. కిలోకు నాలుగంగుళాల గోడ. అదే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే కాగితం) హాఫ్ ఇంపీరియల్ షీటు 64 గ్రాములు. పదిహేను షీట్లు ఒక కిలో. మధ్యలో ఖాళీ వదిలి పెడితే ముప్పై అడుగుల గోడ. చుట్టిన కాన్వాసు కిలోకు నాలుగైదు అడుగులు. మీ గద్వాల మిత్రుడు నేత గురించి ఏమైనా చేయాలనుకుంటే, ఒక్క చీర అయిదున్నర మీటర్లు, అంటే 18 అడుగుల గోడ, మామూలుగా కిలో లోపే. చేనేతకు ఈ లెక్కలో పోటీ లేదు. పుట్టపాక తేలియా రుమాళ్లను మీరు చివరి వరుసలో, "క్రాఫ్ట్ సెక్షన్" అని ఒక బల్ల మీద పెడతామన్నారు. నాకది నచ్చలేదు. గోడలో పెద్ద భాగం వాటికే ఇవ్వండి. మీ షోలో విమానానికి పుట్టుకతోనే సరిపోయే పని అదొక్కటే. ఒక జాగ్రత్త, ఆముదం కాయల బూడిద, నూనె పట్టించిన నూలు కాబట్టి ఆ వాసన గుడ్డలో ఉంటుంది. వాటిని కాగితం పనులతో కలిపి పెట్టకుండా విడిగా గుడ్డ సంచిలో పెట్టండి. మడత గట్టిగా వేయొద్దు, చుట్టండి.

మీ తేలియా చేనేత మిత్రుడు తాతల నాటి రుమాలు కూడా తెస్తానన్నారని రాశారు. ఎంత పాతది? నూరేళ్లు దాటిన కళావస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు, ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదు. తాళపత్రాలు, రాతప్రతుల్లాంటివైతే 75 ఏళ్లకే ఆ లెక్కలోకి వస్తాయి. నూరేళ్ల లోపుదే అయినా పాతగా కనిపిస్తే ఎయిర్‌పోర్టులో అడుగుతారు, అప్పుడు పురావస్తువు కాదని కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) సర్టిఫికెట్ చూపించాలి. ఫోటో తీసి ప్రింట్ పెట్టండి, రుమాలు ఇంట్లోనే ఉండనివ్వండి.

టెర్రకోట ఆయనకు నా సానుభూతి. ఎనిమిది కిలోల్లో ఆయనకు వచ్చేది రెండు మూడు బొమ్మలు, ప్యాకింగ్‌తో ఒకటి తక్కువే. పిడికిలంత బొమ్మలు, లోపల బోలుగా, పలుచటి గోడతో ముప్పై నలభై చేయమనండి. ఒకదానికొకటి అతుక్కునే చిన్న ముక్కలతో అక్కడ పెద్ద రూపం పేర్చవచ్చు. ఒకటి రెండు పగిలినా రూపం పోదు, పగలవని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. ఒక్కో ముక్కను పాత కాటన్ సాక్సులో తొడిగి, సాక్సులను బట్టల మధ్య పెట్టండి. బట్టలు ఎట్లాగూ మోస్తున్నారు కదా, వాటితోనే ప్యాకింగ్ చేయండి. మెత్తదనానికి విడిగా తూకం పెట్టడం దండగ.

బ్యాగును మీరు లేనప్పుడు తెరుస్తారని అనుకొనే సర్దండి. మట్టి ముద్దలు, దగ్గర దగ్గరగా ఉన్న షీట్ల కట్ట ఎక్స్‌రేలో నల్లగా పడతాయి, అనుమానం వస్తుంది. తెరిచినవాళ్లకు మళ్లీ సర్దే ఓపిక ఉండదు. అందుకని సూట్‌కేసు మూత లోపల ఒక ఫోటో అంటించండి, ఏది కింద ఏది పైన అని. "చేతితో వేసిన చిత్రాలు, వంచకండి" అని ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో ఒక కాగితం. షీట్లను రెండు సన్‌ప్యాక్ (ప్లాస్టిక్ అట్ట) షీట్ల మధ్య పెట్టి, నాలుగు వైపులా వెల్క్రో పట్టీ కట్టండి. బోర్డులు రాసేవాళ్ల దగ్గర సన్‌ప్యాక్ ముక్కలు చవగ్గా దొరుకుతాయి, అట్ట కంటే తేలిక, తడికి మెత్తబడదు. ఎక్స్‌రేతో రంగులకు ఏమీ కాదు. ఫోటోగ్రాఫర్ ఎవరైనా కడగని ఫిల్మ్ తెస్తే మాత్రం చెకిన్‌లో వేయొద్దు, చేతిలో పెట్టుకొని విడిగా చూడమని అడగాలి.

తీసుకెళ్లకూడనివి తొందరగా చెప్తాను. టర్పెంటైన్, థిన్నర్, స్ప్రే వార్నిష్, స్ప్రే ఫిక్సెటివ్ ఏ బ్యాగులోనూ కుదరదు, మండేవి. అవసరమైతే అక్కడ కొనండి. కట్టర్, కత్తెర, సుత్తి చెకిన్‌లో. పవర్ బ్యాంక్ చేతిలోనే, 100 వాట్ అవర్ లోపు, అంటే మామూలు లెక్కన 27,000 ఎంఏహెచ్ దాకా. నెమలీకలు వద్దు, మన దేశం నుంచి వాటి ఎగుమతికి నిషేధం ఉంది. ఎండబెట్టిన తంగేడు, గునుగు పూలతో ఇన్‌స్టలేషన్ చేస్తామన్నారు. ఆలోచన బాగుంది కానీ పూలు, విత్తనాలు, గడ్డి అక్కడి తనిఖీలో ఆగిపోవచ్చు. లండన్‌లో మనవాళ్లు బతుకమ్మకు ఏం పూలు దొరికితే అవే పేరుస్తారు, ఇన్‌స్టలేషన్ ఆ పూలతోనే చేయండి, నాకైతే అదే ఇంకా నిజంగా ఉంటుందనిపిస్తుంది. పొలం మట్టి కూడా అంతే. మట్టిని బైండర్‌లో కలిపి పూసి ఎండిన చిత్రం చిత్రమే. పొట్లంలో వదులుగా ఉంటే అది మట్టి, పారేస్తారు.

కస్టమ్స్ దగ్గర మనవాళ్లు ఎక్కువగా చేసే పని "ఏం లేవు సార్, మా సొంత బొమ్మలు" అనడం. అట్లా అనొద్దు. ఒక పట్టిక తయారు చేయండి: బొమ్మ పేరు, ఆర్టిస్టు, ఏ ఏడాది, ఏ మీడియం, సెంటీమీటర్లలో సైజు, తూకం, విలువ, చిన్న ఫోటో. విలువ దగ్గర సున్నా రాయకండి, నమ్మరు. పోయినప్పుడు మీకే నష్టం. చేతితో వేసిన పెయింటింగులు 9701 అనే శీర్షిక కింద, శిల్పాలు 9703 కింద వస్తాయి, ఆ నంబరు కూడా రాయండి. ఆర్ట్ అని చెప్పుకోవడానికి కాగితం ఎందుకు అనుకుంటే శిల్పి బ్రాంకూసీ సంగతి గుర్తు పెట్టుకోండి. 1926లో ఆయన కంచు పక్షి శిల్పం న్యూయార్క్ చేరితే కస్టమ్స్ వాళ్లు వంటపాత్రలు, ఆస్పత్రి సామాన్ల పద్దు కింద వేసి 40 శాతం సుంకం అడిగారు. అది కళే అని కోర్టు తేల్చడానికి 1928 దాకా పట్టింది. మీ టెర్రకోట ముక్కలను చూసి ఎవరైనా దీపాల ప్రమిదలు అంటే మీ చేతిలో పట్టిక ఉండాలి.

మొత్తం వెనక్కి తెచ్చేవే అయితే ఏటీఏ కార్నే అనే కాగితం ఉంది, మన దేశంలో వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. దాని మీద పోయినవి తిరిగి రావాల్సిందే, అమ్మడానికి వీల్లేదు. దానికి పూచీకత్తు కూడా కట్టాలి. మీ విలువకు అంత అవసరమా అన్నది శంషాబాద్‌లో ఒక కస్టమ్స్ బ్రోకర్‌ను ముందే కలిసి అడగండి. అది తీసుకోకపోతే, బయల్దేరేటప్పుడు ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో పట్టిక చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, తిరిగొచ్చేటప్పుడు మీ బొమ్మలకే మీరు సుంకం కట్టే బాధ తప్పుతుంది. అక్కడ దిగాక రెడ్ చానల్‌లోకి పోయి చెప్పండి. అమ్మకం గురించి మీరు ఆశ పెట్టుకున్నట్టున్నారు. విజిటర్ వీసా మీద నేరుగా జనానికి అమ్మడం కుదరదు, గల్లా పెట్టె పెట్టుకొని కూర్చోకండి. నచ్చినవాళ్ల పేరు, ఫోన్ రాసుకొని, ఇంటికొచ్చాక ఇక్కడి నుంచి పద్ధతిగా పంపండి. బ్రిటన్‌లో అసలైన కళాకృతుల దిగుమతికి వ్యాట్ 5 శాతమే, కొనేవాళ్లకు అది పెద్ద భారం కాదు.

బ్యాగు పోతే? మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఎయిర్‌లైన్ బాధ్యత మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌ల (ఐఎంఎఫ్ వాడే లెక్కల కొలమానం) దాకా, మన డబ్బుల్లో లక్షన్నర దాటుతుంది. గమనించండి, మనిషికి. బ్యాగులో ఎంతమంది ఆర్టిస్టుల పని ఉందన్నది వాళ్లకు సంబంధం లేదు. దెబ్బ తింటే బ్యాగు చేతికొచ్చిన ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. అందుకని ఒక ఆర్టిస్టు పని మొత్తం ఒకే బ్యాగులో పెట్టకండి. ప్రతి బ్యాగులో తొమ్మిది మందివీ కొన్ని కొన్ని ఉండాలి. ఒకటి రాకపోయినా గోడ మీద ఎవరి చోటూ పూర్తిగా ఖాళీ కాదు, ఆరుగురు ఇంట్లో కూర్చొని "మావే పోయినయి" అని ఆ ముగ్గురి మీద పడరు. గ్రూపులు విడిపోయేది ఆర్ట్ దగ్గర కాదు, ఇట్లాంటి చోటే. మోసే ముగ్గురికీ వాళ్ల తూకంలో ఇంకో కిలో అదనంగా ఇవ్వండి. మోసినందుకు అది న్యాయం.

థీమ్ ఏం పెట్టాలని అడిగారు. మీలో నలుగురు పాలమూరు వాళ్లు, మీకు నేను చెప్పాలా? ఎక్కడ ప్రాజెక్టు కట్టినా పాలమూరు లేబర్ ఉండేదని పేరు. బొంబాయి బస్సెక్కినవాళ్లు మూటలో ఏం పెట్టుకున్నారు, ఏం వదిలిపోయారు? ఇవాళ లండన్ పోయిన పిల్లల సూట్‌కేసులో ఏముంది? షో పేరు "23 కిలోలు" అని పెట్టుకోవచ్చు. ప్రతి బొమ్మ లేబుల్ మీద మీడియం, సైజు పక్కన తూకం కూడా రాయండి: యాక్రిలిక్, గుడ్డ, 410 గ్రాములు. ఆ ఒక్క అంకె చాలు, చూసేవాళ్లకు అర్థమైపోతుంది. అంతేగానీ సూట్‌కేసులు తెరిచి హాలు మధ్యలో పెట్టి, అందులో బొమ్మలు పరచడం లాంటివి వద్దు. మొదటిసారి చూసినప్పుడు ముచ్చటగా ఉంటుంది, ఆ తర్వాత బొమ్మను ఎవరూ చూడరు.

వేలాడదీయడం గురించి హాలు వాళ్లకు ఇప్పుడే ఈమెయిల్ పెట్టండి: గోడకు మేకు కొట్టనిస్తారా, పైన రైలు ఉందా, గోడల పొడవు ఎన్ని అడుగులు, తలుపులు కిటికీలు ఎక్కడ. కమ్యూనిటీ హాళ్లలో మేకు కొట్టనివ్వరనే అనుకొని సిద్ధం కండి. చుట్టిన కాన్వాసులకు పైన కింద మూడేసి అంగుళాల గుడ్డ వదిలి, ఫ్లెక్సీ షాపులో ఐలెట్లు కొట్టించండి. ఇక్కడ నిమిషాల పని. చట్రాలు మోయొద్దు, కర్రలు అక్కడే కొనండి. షీట్లకు సన్నటి నైలాన్ తాడు, బైండర్ క్లిప్పులు చాలు. తాడు కట్టడానికి రెండు గట్టి కొసలు హాలులో ఎక్కడున్నాయో ఫోటో పంపమనండి.

ప్యాకింగ్ అంతా ఒకే చోట, ఒకే రోజు చేయండి. పాలమూరు వాళ్లకు శంషాబాద్ దారిలోనే ఉంది, జడ్చర్ల, షాద్‌నగర్ దాటితే సిటీలోకి పోకుండానే ఎయిర్‌పోర్టు. నల్లగొండ నుంచి అయితే ఔటర్ ఎక్కి తిరగాలి. కాబట్టి నల్లగొండ వాళ్లే ముందురోజు మహబూబ్‌నగర్ పోయి అక్కడే సర్దడం నయం. చేతి తూకం మిషన్ ఒకటి కొనండి, దానితో పాటు కిరాణా కొట్టు కాటా మీద కూడా ఒకసారి చూసుకోండి. ప్రతి బ్యాగు 22 దగ్గర ఆపండి. కౌంటర్‌లో 23.4 చూపిస్తే అక్కడ, లైన్‌లో అందరి ముందు, బొమ్మలు బయటికి తీయాల్సి వస్తుంది. బ్యాగుల మధ్య తూకం అటూ ఇటూ సర్దుకుందామనుకున్నా, డబ్బు కట్టయినా సరే 32 దాటిన బ్యాగును మామూలుగా తీసుకోరు.

హాలు శుక్రవారం పొద్దున ఇస్తారని రాశారు, టికెట్లు గురువారానికి చూస్తున్నారట. మంగళవారానికి మార్చుకోండి. రాని బ్యాగు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో వస్తుంది, ఆ వ్యవధి మీకు కావాలి. వచ్చినవాటిని కూడా దిగిన వెంటనే విప్పకండి. విమానం కడుపులో చల్లబడ్డ రంగు గది వేడికి రావడానికి ఒక రోజు పడుతుంది, చుట్టిన యాక్రిలిక్‌కు మరీ ముఖ్యం. బుధవారం సాయంత్రం విప్పి, బోర్లించి, మీద దుప్పటి వేసి చదునుగా పడుకోబెడితే శుక్రవారానికి అంచుల వంపు చాలావరకు పోతుంది. ఎవరింట్లో దిగుతున్నారో వాళ్లను ఒక గదిలో నేల ఖాళీ చేసి పెట్టమని ముందే అడగండి, లండన్ ఇళ్లల్లో అన్నిటికంటే కష్టంగా దొరికేది అదే.